పాత ఊరి పేరు కూడా రాయండి



మన ఆడవాళ్లలో రక్తం తక్కువగా ఉన్నవాళ్లు ఎంతమంది? మన పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు ఎంతమంది? ఈ ప్రశ్నలకు ప్రభుత్వం దగ్గర జవాబుంది. ఇళ్లకు వెళ్లి రాసుకున్న జవాబు అది. మరి గండికోట జలాశయం ముంపులో ఊరు పోగొట్టుకున్న ఆడవాళ్లలో రక్తం తక్కువైనవాళ్లు ఎంతమంది? వాళ్ల పిల్లల ఎదుగుదల ఎలా ఉంది? ఈ ప్రశ్నలకు మాత్రం ఆ లెక్కల్లో జవాబు దొరకదు. ఎందుకు దొరకదో, దొరకాలంటే మనం చేయగలిగిన చిన్న పని ఏమిటో ఈ పూట చెప్తాను.

గండికోట జలాశయం గురించి మన కడప జిల్లాలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వాళ్లకు కొత్తగా చెప్పాల్సింది లేదు. పెన్నా నది మీద కట్టారు. గాలేరు-నగరి సుజల స్రవంతిలో అదొక భాగం. నిండుగా నింపితే 26.85 టీఎంసీలు. ముంపు ఊళ్లు 22. కొండాపురం మండలంలో చామలూరు, ఎర్రగుడి, తాళ్లప్రొద్దుటూరు, ఇలా ఒకదాని వెంట ఒకటి ఖాళీ అయ్యాయి. 2020లో నీటిమట్టం పెంచుతూ పోయినప్పుడు తాళ్లప్రొద్దుటూరులో ఇళ్ల ముంగిట్లోకి నీళ్లొచ్చాయి. పరిహారం పూర్తిగా ఇచ్చి, కొంచెం గడువివ్వండి అని ఊరివాళ్లు దీక్షలకు కూర్చున్నారు. చివరికి సామాన్లు ట్రాక్టర్లకెత్తుకుని వెళ్లిపోయారు.

ఆ నీళ్లు మనకు పనికొచ్చాయి. గండికోట నుంచి ఎత్తిపోసిన నీళ్లు పార్నపల్లి దగ్గర చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరుకు చేరతాయి. పులివెందుల వైపు చీనీ తోటలకు, అరటి తోటలకు ఆ నీళ్లు ప్రాణం పోశాయి. అందుకే ఇది ముంపు ఊళ్ల గొడవ, మనకెందుకులే అనుకోకండి. ఆ నీళ్లతో పంట పండించుకుంటున్న ప్రతివాళ్లూ వాళ్లకు బాకీ పడ్డవాళ్లే. వాళ్లు ఇప్పుడు ఎలా ఉన్నారో తెలుసుకోవడం మన బాధ్యత.

యుద్ధానికో, హింసకో భయపడి దేశం సరిహద్దు దాటి వచ్చినవాళ్లను శరణార్థులంటాం. వాళ్ల కోసం 1951లోనే అంతర్జాతీయ ఒప్పందం రాసుకున్నారు. మన ముంపు ఊళ్లవాళ్లు ఏ సరిహద్దూ దాటలేదు. వాళ్ల ఓటు ఇక్కడే, రేషన్ కార్డు ఇక్కడే. కానీ ఆరోగ్యం లెక్కల దగ్గరికి వచ్చేసరికి ఇద్దరి పరిస్థితీ ఒకటే. లెక్కలో ఉంటారు, కానీ ఎవరికీ కనిపించరు.

లెక్క అంటే ఏ లెక్క? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అని ఒకటుంది. 1992-93లో మొదలైంది. ముంబైలో ఉన్న ఇంటర్నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ పాపులేషన్ సైన్సెస్ దీన్ని నడుపుతుంది. మొదట్లో రాష్ట్రానికి ఒక లెక్క చెప్పేవాళ్లు. జిల్లా లెక్కలు చెప్పడం నాలుగో విడత నుంచి, అంటే 2015-16 నుంచి మొదలైంది. ఐదో విడతకు మన రాష్ట్రంలో 2019 జూలై నుంచి నవంబరు దాకా తిరిగారు. 11,346 ఇళ్లకు వెళ్లారు. 10,975 మంది ఆడవాళ్లతో మాట్లాడారు.

ఒట్టి మాటలతో సరిపెట్టే సర్వే కాదు ఇది. పిల్లల బరువు తూస్తారు, ఎత్తు కొలుస్తారు. బీపీ చూస్తారు. ఐదో విడతలో వేలి కొస కూడా పొడిచారు. మొదట వచ్చిన చుక్కలను తుడిచేశారు. తర్వాతి చుక్కను సన్నని ప్లాస్టిక్ ముక్కలోకి ఎక్కించి చిన్న మిషన్‌లో పెట్టారు. రక్తంలో హిమోగ్లోబిన్ ఎంతుందో అక్కడికక్కడే కనిపించింది. టీకాల కార్డు చూపించమంటారు. నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చుకుంటారు, పొయ్యిలోకి ఏం వాడతారు, మరుగుదొడ్డి ఉందా అని అడుగుతారు. శ్రద్ధగా చేసే పని. నాకు ఈ సర్వే మీద గౌరవం ఉంది. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 58.8 మందికి రక్తహీనత ఉందని మనకు చెప్పింది ఇదే. ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 63.2 మందికి రక్తహీనత, 31.2 మందికి వయసుకు తగ్గ ఎత్తు లేదని చెప్పిందీ ఇదే.

మరి రాష్ట్రంలో ఉన్న కోట్ల మందిని వదిలేసి 11 వేల ఇళ్లు చూస్తే సరిపోతుందా? సరిపోతుంది. ఈ విషయం మన ఇళ్లలో ఆడవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. అన్నం ఉడికిందో లేదో చూడటానికి కుండంతా తినం కదా. ఒక్క మెతుకు పట్టి చూస్తాం. మెతుకు మెత్తబడితే కుండంతా ఉడికినట్టే. సర్వే వాళ్లు చేసేదీ అంతే.

అయితే ఆ మెతుకు నిజం చెప్పాలంటే కుండలో ఒకే రకం బియ్యం ఉండాలి. కొత్త బియ్యం తొందరగా ఉడుకుతాయి. పాత బియ్యానికి నీళ్లెక్కువ కావాలి, సమయమూ ఎక్కువ కావాలి. రెండూ కలిపి ఒకే కుండలో పోశారనుకోండి. కొత్త బియ్యం తొమ్మిది పాళ్లు, పాత బియ్యం ఒక పాలు. మీరు పట్టుకున్న మెతుకు కొత్త బియ్యందే అయ్యే అవకాశం ఎక్కువ. మెత్తగా ఉంది. కుండ దించేశారు. ముద్ద నోట్లో పెట్టుకున్నాక పంటికింద పలుకు తగులుతుంది. మీ చెయ్యి మోసం చేయలేదు. మెతుకూ అబద్ధం చెప్పలేదు. పాత బియ్యాన్ని విడిగా పట్టి చూడలేదు, అంతే.

జిల్లా సగటులో నిర్వాసితుల ఆరోగ్యం ఆ పలుకులాగే దాగి ఉంది. లెక్క వేసి చూద్దాం. 10,975 మంది ఆడవాళ్లను అప్పటి 13 జిల్లాలకు పంచితే సగటున జిల్లాకు 844 మంది. జిల్లా జనంలో ముంపు బాధితులు నూటికి ఒకరు అనుకుందాం. అనుకుందాం అంటున్నాను, గుర్తుంచుకోండి. అప్పుడు ఆ 844 మందిలో వాళ్లు ఎనిమిది మంది. ఆ ఎనిమిది మందికీ రక్తహీనతే ఉందనుకోండి. అయినా జిల్లా సగటు అర శాతం కూడా పైకి కదలదు. ఎనిమిది ఇళ్లలో ఎనిమిదింటా జబ్బున్నా జిల్లా కాగితం మీద ఆ జాడే ఉండదు. ఆ ఎనిమిది మంది అయినా తప్పకుండా దొరుకుతారా అంటే, అదీ చెప్పలేం. ఈ సర్వేలో ముందు ఊళ్లు ఎంచుకుంటారు. ఎంచుకున్న ఊళ్లో 22 ఇళ్లు ఎంచుకుంటారు. ఆ ఎంపికలో నిర్వాసితుల కాలనీ ఒక్కటీ రాకపోతే సున్నా.

ఇంకో చిక్కుంది. ఐదో విడతలో ఊళ్లను ఎంచుకున్నది 2011 జనగణన జాబితా నుంచి. ఆ జాబితాలో తాళ్లప్రొద్దుటూరు నిక్షేపంగా ఉన్న ఊరు. తర్వాత కట్టిన కాలనీ పేరు ఆ జాబితాలో ఎలా ఉంటుంది? ఏ ఊరి పొలిమేరలో కడితే ఆ ఊరి ఇళ్లలో కలిసిపోతుంది. తేదీలు కూడా చూడండి. సర్వే వాళ్లు మన రాష్ట్రంలో తిరిగింది 2019లో. తాళ్లప్రొద్దుటూరు ఖాళీ అయింది ఆ తర్వాత. అంటే ఐదో విడత లెక్క ఆ ఊరివాళ్లకు ఊరు పోకముందరి లెక్క. ఊరు పోయాక వాళ్లెలా ఉన్నారో ఆ పుస్తకం చెప్పలేదు. 2023-24లో ఆరో విడత జరిగింది కాబట్టి ముందూ వెనకా పోల్చి చూడొచ్చు కదా అని మీరు అడగొచ్చు. ముంపు ఊరివాళ్లను వేరుచేసి పోల్చాలంటే వాళ్లెవరో ఆ కాగితంలో రాసి ఉండాలి. ఐదో విడతలో అలా రాసి లేదు.

అడగలేదా అంటే, దగ్గరదగ్గరగా ఒక ప్రశ్న ఇలాంటి సర్వేల్లో ఉంటుంది. ఎన్నేళ్ల నుంచి ఇక్కడ ఉంటున్నారు అని. కాలనీలో ఒక ఇంటికి సర్వే అమ్మాయి వచ్చిందనుకోండి.

"అక్కా, ఈడ ఎన్నేండ్ల నుంచి ఉండారు?"

"మూడేండ్లయిందమ్మా. మాది తాళ్లప్రొద్దుటూరు. ఊరు మునిగిపాయ, ఈడికొచ్చినాం."

సర్వే అమ్మాయి మూడు అని నొక్కుతుంది. తర్వాతి మాట రాసుకునే గడి ఆమె చేతిలో ఉన్న ట్యాబ్‌లో లేదు. పక్క వీధిలో ఇంకో ఇంటికి పోతుంది. అక్కడ ముద్దనూరు నుంచి పెళ్లయి వచ్చిన కోడలు ఉంటుంది. ఆమె కూడా మూడేండ్లు అనే చెప్తుంది. ఇక్కడా మూడు అనే నొక్కుతుంది. ముంబైలో కూర్చుని లెక్క చూసేవాళ్లకు ఇద్దరూ ఒకటే. ఒకామె మేళతాళాలతో వచ్చింది. ఇంకొకామె నడుంలోతు నీళ్లు చూసి వచ్చింది. ఆ తేడా లెక్కకు అందలేదు.

అడగడం కష్టమా అంటే కాదు. 2007-08లో జాతీయ నమూనా సర్వే, అదే మనం ఎన్‌ఎస్‌ఎస్ అంటాం, వలసల మీద 64వ విడత చేసింది. ఊరు ఎందుకు వదిలారు అని అడిగి, జవాబుల్లో అభివృద్ధి ప్రాజెక్టు వల్ల ఊరు పోయింది అనేదాన్ని కూడా ఒకటిగా పెట్టింది. మంచి పని. అయితే వాళ్లు వేలు పొడిచి రక్తం చూడలేదు. అడిగిన సర్వే రక్తం చూడలేదు. రక్తం చూసిన సర్వే అడగలేదు.

వేరే దేశాల్లో ఈ రెండూ కలిపి చూసినవాళ్లు ఉన్నారు. సిరియా యుద్ధం వల్ల లక్షల మంది జోర్డాన్‌కు పోయారు. జోర్డాన్ కూడా మన సర్వేలాంటిదే చేస్తుంది. 2017-18లో చేసినప్పుడు మీరు ఏ దేశస్థులు అని అడిగి, జోర్డాన్ వాళ్ల లెక్క వేరుగా, సిరియా వాళ్ల లెక్క వేరుగా అచ్చు వేశారు. శరణార్థుల శిబిరాలను కూడా సర్వేలో కలిపారు. పిల్లల టీకాలు, కాన్పులు, రక్తహీనత, అన్నీ ఎవరివి వాళ్లకు విడిగా చూసుకోవచ్చు. ఒక్క ప్రశ్న చేర్చినందుకే ఇదంతా సాధ్యమైంది.

ఆఫ్రికాలో జాంబియా, జింబాబ్వేల మధ్య జాంబెజి నది మీద కరీబా డ్యాం ఉంది. దాని ముంపులో టోంగా తెగవాళ్లు, సుమారు 57 వేల మంది, ఊళ్లు వదిలారు. ఎలిజబెత్ కోల్సన్, థాయర్ స్కడర్ అనే ఇద్దరు మానవ శాస్త్రవేత్తలు డ్యాం నిండకముందే, 1956లోనే, అక్కడికి వెళ్లారు. ఏ ఊళ్లో ఎవరున్నారు, ఏం తింటున్నారు, ఏం పండిస్తున్నారు, అన్నీ రాసుకున్నారు. జనాన్ని తరలించాక మళ్లీ వెళ్లారు. దశాబ్దాల పాటు వెళుతూనే ఉన్నారు. ఊరు పోతే మనిషికి ఏమవుతుందో ప్రపంచానికి ఇవాళ తెలిసినదాంట్లో చాలా భాగం వాళ్ల నోటు పుస్తకాల నుంచి వచ్చిందే. ముందరి లెక్క వాళ్ల చేతిలో ఉంది కాబట్టి తర్వాతి మార్పు పట్టుకోగలిగారు.

మనకు అలాంటి శాస్త్రవేత్తలు రావాలని ఎదురుచూడక్కర్లేదు. మన దగ్గర ఏఎన్‌ఎంలు ఉన్నారు. ఆశా కార్యకర్తలు ఉన్నారు. అంగన్‌వాడీ టీచర్లు ఉన్నారు. గర్భిణీ స్త్రీ పేరు నమోదు చేసేది వీళ్లే. బిడ్డ బరువు తూచేది వీళ్లే. బీపీ, షుగర్ చూసి రాసుకునేది వీళ్లే. నేను అడిగేది ఒక్కటే. కాలనీలో గానీ, టౌన్‌లో గానీ, పేరు రాసుకునేటప్పుడు పక్కనే పాత ఊరి పేరు, ఊరు వదిలిన ఏడాది కూడా రాయండి. రెండు ముక్కలు. మళ్లీ చెప్తాను. పాత ఊరి పేరు. ఊరు వదిలిన ఏడాది. ఆన్‌లైన్ యాప్‌లో గడి లేకపోతే చేతి రిజిస్టర్‌లో రాయండి.

దీంతో ఏం ఒరుగుతుంది? ఉదాహరణకు పళ్ల గురించి చెప్తాను. పులివెందుల, వేముల వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి మీకు తెలిసిందే. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. దాటిన నీళ్లు చిన్నప్పటి నుంచి తాగితే పళ్ల మీద గోధుమ రంగు గారలు పడతాయి. అయితే ఆ గార పడేది పన్ను చిగురు లోపల తయారయ్యే వయసులో. సుమారు ఎనిమిదేళ్ల లోపు. పన్ను బయటికి వచ్చాక నీళ్లు మారినా ఆ మచ్చ పోదు. మంచి పళ్లు వచ్చాక చెడ్డ నీళ్లు తాగినా ఆ మచ్చ కొత్తగా రాదు.

ఇప్పుడు ఒక కాలనీ బడికి పళ్ల డాక్టరు వచ్చారనుకోండి. పదమూడేళ్ల పిల్లలను వరుసలో నిలబెట్టి నోరు తెరవమన్నారు. సగం మందికి గార ఉంది. కాలనీ నీళ్లు బాగాలేవు అని రాసి వెళ్లిపోయారు. ఆ పిల్లలు కాలనీకి వచ్చింది తొమ్మిదో ఏట అయితే? ఆ పళ్లు పాత ఊరి బోరు నీళ్ల సంగతి చెప్తున్నాయి. కాలనీ నీళ్లు మంచివే అయి ఉండొచ్చు. ఇంకో కాలనీలో తిరగేసి జరగొచ్చు. పెద్ద పిల్లల పళ్లు తెల్లగా ఉంటాయి, కాబట్టి నీళ్లు మంచివని రాసేస్తారు. కాలనీలోనే పుట్టిన పసిపిల్లల పళ్లకు ఏమవుతుందో కొన్నేళ్ల తర్వాత గానీ బయటపడదు. పాత ఊరి పేరు, వచ్చిన ఏడాది రాసి ఉంటే డాక్టరుకు ఈ చిక్కే ఉండదు. ఏ నీళ్లను పరీక్ష చేయించాలో అప్పటికప్పుడు తెలుస్తుంది.

ఒక్క కాలనీ లెక్క చూసి తీర్పు చెప్పకూడదు. పక్కన ఉన్న ఊరితో పోల్చాలి. కాలనీలో నూరు మందిలో 40 మందికి బీపీ ఉందనుకోండి. వినగానే గుండె గుభేలుమంటుంది. కానీ కాలనీలో వయసు పిల్లలంతా బెంగళూరికో, కువైట్‌కో పనికి పోయి ముసలివాళ్లే మిగిలి ఉంటే? బీపీ ఎక్కువమందికి ఉండటంలో వింత లేదు. అందుకని అరవై ఏళ్లవాళ్లను అరవై ఏళ్లవాళ్లతోనే పోల్చాలి. కాలనీలో అరవై దాటినవాళ్లు, పక్క ఊళ్లో అరవై దాటినవాళ్లు. అప్పుడూ కాలనీలోనే ఎక్కువగా ఉంటే ఆలోచించాలి. బీపీ మాత్రలు మధ్యలో ఆగిపోయాయా? పాత ఊళ్లో నెలనెలా మాత్రలు ఇచ్చిన నర్సమ్మ ఇక్కడ లేదా? ఆసుపత్రి దూరమైందా? ఈ ప్రశ్నలు అడగడానికి కూడా ముందు ఆ తేడా కనిపించాలి కదా. పాత బియ్యం మెతుకును విడిగా పట్టి చూడటమంటే ఇదే.

ప్రొద్దుటూరు సంగతి విడిగా చెప్పాలి. ముంపు ఊరివాళ్లందరూ కాలనీకి పోలేదు. పరిహారం తీసుకుని ప్రొద్దుటూరులోనో, జమ్మలమడుగులోనో, తాడిపత్రిలోనో బాడుగ ఇళ్లకు చేరినవాళ్లున్నారు. అంగట్లో గుమాస్తాగా, మగ్గం పనికి, కూలికి కుదురుకున్నారు. సేద్యం చేసిన ఇంట్లో పాలు, మజ్జిగ, చేలో ఆకుకూర కొనకుండానే దొరికేవి. టౌన్‌లో బాడుగ ఇంట్లో ప్రతిదీ కొనాలి. ఆ ఇంట్లో పిల్ల బరువు తగ్గిందా, తల్లికి రక్తం తగ్గిందా? కాలనీకి పోయి సర్వే చేసేవాళ్లకు వీళ్లు దొరకరు. టౌన్‌లో సర్వే చేసేవాళ్లకు వీళ్లు టౌన్ జనంలో కలిసిపోతారు. వీళ్లను లెక్కకు తెచ్చేది ఆసుపత్రి చీటీ మీద పాత ఊరి పేరే. ప్రొద్దుటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో ఓపీ చీటీ రాసే చోట, జమ్మలమడుగులో వందేళ్లకు పైబడి ఉన్న క్యాంప్‌బెల్ ఆసుపత్రిలాంటి చోట, ఈ ఒక్క ముక్క అడిగితే ఎంత మేలు జరుగుతుందో ఆలోచించండి.

ఇంకొక సంగతి మాట్లాడాలి. భయం. ముంపు ఊరివాళ్లకు సర్వే అనగానే ఆరోగ్యం గుర్తుకు రాదు. పరిహారం జాబితా గుర్తుకొస్తుంది. ఎవరి పేరుంది, ఎవరి పేరు పోయింది, ఏ తేదీకి పద్దెనిమిదేళ్లు నిండాయి, ఇంటికి ఎన్ని గదులు, ఇవే ప్రశ్నలు ఏళ్ల తరబడి విన్నారు. కాగితం పట్టుకుని ఎవరొచ్చినా నిజం చెప్తే ఏం పోతుందో అని జంకుతారు. ఎక్కడో ఉంటున్న కొడుకును ఇంట్లోనే ఉన్నాడని చెప్తారు. ఇంట్లో ఉన్నవాళ్లను లేరంటారు. వాళ్లను తప్పు పట్టలేం. కానీ ఆ జవాబులతో ఆరోగ్యం లెక్క తారుమారవుతుంది. అందుకే వెళ్లినవాళ్లు మొదటే చెప్పాలి. అమ్మా, ఇది ఆరోగ్యం రిజిస్టరు, పరిహారానికీ దీనికీ సంబంధం లేదు, మీకు ఇష్టం లేకపోతే చెప్పొద్దు అని. ఆ మాట నిలబెట్టుకోవాలి కూడా. రిజిస్టర్లో ఉన్న పేర్లు ఆరోగ్య సిబ్బంది దగ్గరే ఉండాలి. బయటికి ఇచ్చేది లెక్క మాత్రమే. పెద్ద సర్వేల వాళ్లు ఈ జాగ్రత్త ఎంత గట్టిగా పాటిస్తారో చూడండి. పరిశోధకులకు ఇచ్చే మ్యాపులో తాము తిరిగిన ఊరి చుక్కను కావాలనే పక్కకు జరుపుతారు. పల్లెల్లో సాధారణంగా ఐదు కిలోమీటర్ల దాకా జరుపుతారు. ఫలానా ఊరు అని ఎవరూ పసిగట్టకూడదని. మంచిదే. కానీ ఆ జాగ్రత్త వల్లే, చుక్క చూసి ఇది నిర్వాసితుల కాలనీ అని కూడా ఎవరూ చెప్పలేరు. అందుకే ఆ పని మన స్థానిక రిజిస్టర్లతోనే మొదలవ్వాలి.

చట్టం ఏమంటుందో కూడా తెలుసుకోండి. 2013లో వచ్చిన భూసేకరణ, పునరావాస చట్టంలో మూడో షెడ్యూలు అని ఉంది. నిర్వాసితుల కొత్త ఊళ్లో ఏమేం ఉండాలో అందులో రాశారు. తాగునీళ్లు, రోడ్లు, మురుగుకాలువలు, అంగన్‌వాడీ, రెండు కిలోమీటర్ల లోపల ఆరోగ్య ఉపకేంద్రం. నా అభిప్రాయం దాచుకోకుండా చెప్తాను. ఈ షెడ్యూలు కట్టడాలను లెక్కపెడుతుంది, మనుషులను లెక్కపెట్టదు. ఉపకేంద్రం కట్టారా అని అడుగుతుంది. ఆ ఉపకేంద్రం పరిధిలో ఉన్న తల్లుల రక్తం మెరుగైందా అని అడగదు. ఊళ్లు పోయినవాళ్ల మీద జీవితమంతా పనిచేసిన మైకేల్ సెర్నియా అనే సామాజిక శాస్త్రవేత్త నిర్వాసితులకు వచ్చే ఎనిమిది ముప్పులు చెప్పాడు. భూమి పోవడం, పని పోవడం, ఇల్లు పోవడం వాటిలో మూడు. జబ్బులు, చావులు పెరగడం కూడా వాటిలో ఒకటి. ఆ మొదటి మూడింటికీ మనం పరిహారం కాగితాలు రాశాం. దీనికి కాగితమే లేదు.

పులివెందుల వైపు ఇంకా ఊళ్లు వదలనివాళ్లు కూడా ఈ మాట పట్టించుకోవాలి. తుమ్మలపల్లె యురేనియం గని చుట్టుపక్కల పల్లెల్లో రైతులు బోరు నీళ్ల మీద, చర్మం జబ్బుల మీద ఏళ్లుగా మొర పెట్టుకుంటున్నారు. రేపు ఆ ఊళ్లలో ఎవరైనా కదలాల్సి వస్తే, కదలకముందే వాళ్ల ఆరోగ్యం లెక్క రాసి పెట్టుకోవాలి. కరీబాలో జరిగింది అదే. గండికోటలో జరగనిది అదే. కదిలాక రాసిన లెక్క సగం లెక్కే.

ముంపు ఊళ్ల అక్కచెల్లెళ్లకు, పెద్దలకు చివరగా ఒక విన్నపం. ఈసారి నర్సమ్మ మీ ఇంటికి వచ్చినప్పుడు, అంగన్‌వాడీలో బిడ్డ బరువు తూచినప్పుడు, ఆసుపత్రిలో చీటీ రాయించుకునేటప్పుడు, మీ పాత ఊరి పేరు, ఊరు వదిలిన ఏడాది చెప్పండి. అడగకపోయినా చెప్పండి. రాశారో లేదో చూసుకోండి. ఏఎన్‌ఎంలకు, ఆశా కార్యకర్తలకు, అంగన్‌వాడీ టీచర్లకు నా మనవి కూడా అదే. రిజిస్టర్లో కొత్తగా ఒక నిలువు గీత గీయండి. దానికి పైన పాత ఊరు అని రాయండి. జిల్లా వైద్యాధికారులు ఏడాదికొకసారి ఆ గడిలో ఉన్నవాళ్ల లెక్కను, పక్క ఊరివాళ్ల లెక్కను పక్కపక్కన పెట్టి జనానికి చెప్పాలి. ఆ లెక్క మా ఆకాశవాణి కడప కేంద్రానికి పంపితే ఇదే వేళకు, ఇదే చోట చదివి వినిపిస్తాం.